పుట్టుకతో వచ్చే వైరస్, ఆర్నెల్ల తర్వాత వచ్చే జబ్బు

కిందటి సంచికలో ఏకేఆర్ అనే ల్యాబ్ చిట్టెలుకల ప్రస్తావన వస్తే, "వీటికి తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన రెట్రోవైరస్ వల్ల లుకేమియా (రక్త క్యాన్సర్) వస్తుంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం మీదే ఈ నెల ఉత్తరాలన్నీ వచ్చాయి. వాటిలో ఒక తల్లి రాసిన ఉత్తరం చదివాక, అంత క్లుప్తంగా రాయడం తప్పని నాకు తెలిసింది. పాథాలజిస్టుగా 22 ఏళ్లు ఆ ఎలుకల మధ్య పనిచేశాను. వాటిని పెంచాను, జబ్బు పడితే కనిపెట్టుకుని ఉన్నాను, పోయాక కోసి చూశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: వైరస్ జబ్బు అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. వంశపారంపర్యం అంటే అంటుకోకుండా రక్తసంబంధంతో వచ్చేది. మా పుస్తకంలో ఇవి రెండు వేర్వేరు పాఠాలు. ఒకే జబ్బు రెండూ ఎలా అవుతుంది?
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

నీ ప్రశ్న మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు వాదించుకున్నారమ్మా. అందుకే కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను.

అమెరికాలో ఎబీ లాత్రోప్ అనే ఆవిడ ఎలుకలను పెంచి అమ్మేవారు. 1921లో ఆవిడ దగ్గర నుంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుకను, 58వ నంబరు ఆడ ఎలుకను ఒకే మగ ఎలుకతో జత కలిపారు. 57 సంతతి సీ57 నల్ల ఎలుకలయ్యాయి. వాటిలో లుకేమియా అరుదు. 58 సంతతి సీ58. వాటిలో చాలా భాగం లుకేమియాతోనే పోతాయి. ఆ తర్వాత జేకబ్ ఫర్త్ అనే పాథాలజిస్టు లుకేమియా ఎక్కువగా కనిపించే ఎలుకల కుటుంబాలను ఏరి, ఒకే ఈతలో పుట్టినవాటిని తమలో తాము జత కలుపుతూ తరాల తరబడి పెంచారు. అలా నిలబడిన వంశం ఏకేఆర్. వాటిలో నూటికి 70 నుంచి 90 దాకా ఈ జబ్బుతోనే పోతాయి. ఎవరు చూసినా ఇది వంశపారంపర్యమే అంటారు. అప్పట్లో అందరూ అలాగే అన్నారు.

కాదన్న మనిషి లుడ్విక్ గ్రాస్. పోలండ్ నుంచి యుద్ధకాలంలో అమెరికా చేరిన వైద్యుడు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో పనిచేసేవారు. సరైన చోటు దొరకక ముందు కొన్నాళ్లు తన ఎలుకలను డబ్బాల్లో పెట్టి కారు డిక్కీలో ఉంచుకున్నారు. జబ్బు పడిన ఎలుక అవయవాలను నూరి, కణాలేవీ మిగలకుండా వడగట్టి, ఆ ద్రవాన్ని ఆరోగ్యమైన వేరే వంశపు ఎలుకలకు ఎక్కించారు. ఏళ్ల తరబడి ఏమీ జరగలేదు. అప్పుడే కాక్సాకీ అనే మరో వైరస్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో మాత్రమే పెరుగుతుందన్న సంగతి ఆయన చెవిన పడింది. తానూ పసికూనలకు ఎక్కించి చూశారు. సీ3హెచ్ అనే వంశపు పిల్లలకు, పుట్టి ఒక రోజైనా నిండక ముందే. అవి పెరిగాక లుకేమియా వచ్చింది. ఆయన 1951లో ఆ ఫలితం ప్రకటించినప్పుడు నమ్మినవాళ్లు కొద్దిమంది. ఇతర ల్యాబుల్లో రుజువు కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

ఆ ప్రయోగాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ కోసం నాతోనూ చేయించారు. పుట్టిన రోజు ఎలుక పిల్ల ఒక గ్రాము, గ్రామున్నర ఉంటుంది. వెంట్రుక ఉండదు, కళ్లు తెరుచుకోవు. చర్మం ఎంత పల్చనంటే, తాగిన పాలు కడుపులో తెల్లని మచ్చగా బయటికి కనిపిస్తాయి. చర్మం కింద సూది గుచ్చి వెంటనే తీస్తే ఎక్కించిన చుక్క కాస్తా వెనక్కి కారిపోతుంది. తొడ దగ్గర గుచ్చి, చర్మం కిందుగా కొంత దూరం జరిపి, అక్కడ వదలాలి. కొత్త వాసన తగిలితే తల్లి ఆ పిల్లను దగ్గరికి రానివ్వదని, ముందుగా చేతి తొడుగులకు ఆ పంజరంలోని రంపపు పొట్టు రుద్దుకునేవాళ్లం. పిల్లను తిరిగి పెట్టాక తల్లి దాన్ని నోట కరుచుకుని గూట్లోకి లాక్కుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. గ్రాస్ ఎన్ని వందలసార్లు ఈ పని చేసి ఉంటారో అని అప్పుడే అనిపించింది.

సరే, జబ్బుకు వైరస్ కారణమని తేలింది. మరి ఆ వైరస్ ఏకేఆర్ ఎలుకల్లో తరం తరానికీ ఎలా వెళుతోంది? పాల ద్వారానా? ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ కలిగించే వైరస్ పాల ద్వారా వెళుతుందని జాన్ బిట్నర్ 1936లోనే చూపించారు. లుకేమియా వైరస్ పిండం ద్వారానే వెళుతుందని గ్రాస్ అన్నారు. ఎలా వెళుతుందో చూపించే పనిముట్టు మాత్రం అప్పటికి లేదు.

1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా ఒక ఎంజైమును కనుగొన్నారు. ఈ వైరస్‌ల జన్యు సామగ్రి ఆర్‌ఎన్‌ఏ. కణంలోకి వెళ్లగానే ఈ ఎంజైము దాన్ని డీఎన్‌ఏగా తిరగరాస్తుంది. ఆ డీఎన్‌ఏ వెళ్లి కణపు క్రోమోజోములో అతుక్కుంటుంది. ఇక కణం విభజన పొందినప్పుడల్లా వైరస్ ప్రతి కూడా పడుతుంది. రెట్రోవైరస్ అంటే ఇదే. బాల్టిమోర్ వాడింది కూడా ఎలుక లుకేమియా వైరస్సే. ఇలా అతుక్కోవడం ఎప్పుడో ఒకసారి అండంలోనో, వీర్యకణంలోనో జరిగితే? దాని నుంచి పుట్టిన ఎలుక ఒంట్లో ప్రతి కణంలోనూ వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, పిల్లలకు కళ్ల రంగు వెళ్లినట్టే వెళుతుంది.

దీన్ని నిరూపించిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. 1972లో వాలస్ రో, జానెట్ హార్ట్లీ ఏకేఆర్ ఎలుకలను వైరస్ లేని ఎలుకలతో జత కలిపారు. పిల్లల తోక కొన కత్తిరించి, నూరి, వైరస్ ఉందో లేదో కణాల పళ్లెంలో చూశారు. మొదటి తరం పిల్లలన్నిటిలోనూ ఉంది. ఆ పిల్లలను మళ్లీ వైరస్ లేనివాటితో కలిపితే నూటికి సుమారు 75 పిల్లల్లో ఉంది. అంటే రెండు వేర్వేరు చోట్ల వైరస్ డీఎన్‌ఏ ఉంది. రెండిట్లో ఏ ఒక్కటి అందినా వైరస్ కనిపిస్తుంది, రెండూ అందని నాలుగో వంతులో కనిపించదు. మెండెల్ బఠాణీ లెక్కే ఇది. వాటిలో ఒకదాని చోటు 7వ క్రోమోజోము మీద దొరికింది. ఒక అంటురోగ క్రిమికి క్రోమోజోము మీద చిరునామా రాయగలిగారు. నీ పుస్తకంలోని రెండు పాఠాలు కలిసింది అక్కడే.

ప్రశ్న: వైరస్ పుట్టుకతోనే ఉంటే జబ్బు ఆరు నెలల తర్వాత ఎందుకు వస్తుంది? అన్నాళ్లు అది ఏం చేస్తూ ఉంటుంది?
— జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

మాస్టారూ, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని ఎదురు చూశాను. కిందటిసారి నేను రాసిన వాక్యం తప్పుదోవ పట్టించింది ఇక్కడే. ఏకేఆర్ ఎలుకకు వారసత్వంగా వచ్చిన వైరస్ లుకేమియాను నేరుగా కలిగించదు. కలిగించే వైరస్ ప్రతి ఎలుక ఒంట్లోనూ కొత్తగా తయారవుతుంది.

ఎలుక జన్యు సామగ్రిలో దాదాపు పదో వంతు ఇలాంటి రెట్రోవైరస్‌ల అవశేషాలే. ఎక్కువ భాగం తెగిపోయి, చెడిపోయి, మూగగా పడి ఉంటాయి. ఏకేఆర్‌లో మాత్రం చెక్కుచెదరని ప్రతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎకేవీ అంటారు. బిడ్డ పుట్టే వేళకే అవి మేలుకుని వైరస్‌ను వదలడం మొదలుపెడతాయి. ఆ వైరస్ ఒళ్లంతా తిరుగుతుంది, ఎలుక మాత్రం హాయిగా ఉంటుంది. పరుగులు పెడుతుంది, పిల్లలను కంటుంది.

వైరస్ కొత్త కణంలో తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసుకునేటప్పుడు ఒక పొరపాటుకు అవకాశం ఉంది. ప్రతి రెట్రోవైరస్ కణికలోనూ ఆర్‌ఎన్‌ఏ పోగులు రెండు ఉంటాయి. కొన్నిసార్లు ఒక పోగు ఎకేవీది, రెండోది ఎలుక క్రోమోజోములోని మరో పాత వైరస్ అవశేషానిది అవుతుంది. రాసే ఎంజైము ఒక పోగు మీద మొదలుపెట్టి మధ్యలో రెండోదాని మీదికి దూకుతుంది. ఫలితంగా రెండిటి ముక్కలూ కలిసిన కొత్త వైరస్ పుడుతుంది. పై తొడుగు ఒక పాత అవశేషం నుంచి వస్తుంది. వైరస్ జన్యువులను ఎంత జోరుగా పనిచేయించాలో నిర్ణయించే కొస భాగం ఇంకో అవశేషం నుంచి వస్తుంది. మిగిలినది ఎకేవీది. వారసత్వంగా వచ్చిన మూడు వేర్వేరు వైరస్‌ల ముక్కలతో ఒకటి తయారవుతుందన్నమాట. ఇలాంటి వైరస్‌ల గుంపును హార్ట్లీ, రో, వారి సహచరులు 1977లో ప్రకటించారు. మింక్ అనే జంతువు కణాల మీద మచ్చలు కలిగిస్తాయి కాబట్టి వాటికి ఎంసీఎఫ్ అని పేరు పెట్టారు.

కొత్త తొడుగు ఎందుకంత ముఖ్యం? ఒక కణంలో ఎకేవీ చేరాక, అదే రకం వైరస్ మళ్లీ ఆ కణంలోకి రాలేదు. ఆ తలుపు మూసుకుపోతుంది. తొడుగు మార్చుకున్న వైరస్ వేరే తలుపు గుండా వస్తుంది. అందుకే రోగనిరోధక టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథిలోని కణాల్లోకి మళ్లీ మళ్లీ చొరబడుతుంది, చొరబడిన ప్రతిసారీ క్రోమోజోములో ఇంకో చోట అతుక్కుంటుంది. ఎక్కడ పడితే అక్కడ అతుక్కునే క్రమంలో, ఎప్పుడో ఒకసారి, కణం పెరుగుదలను నడిపే మిక్ వంటి జన్యువు పక్కన పడుతుంది. వైరస్ కొస భాగం దగ్గరి జన్యువును కూడా ఆపకుండా పనిచేయిస్తుంది. ఆ ఒక్క కణం అదుపు తప్పి పెరుగుతుంది. ఈ వరుస పూర్తి కావడానికి పట్టే కాలమే మీరడిగిన ఆరు నెలలు. కొన్నిటిలో ఏడాది పడుతుంది, కొన్నిటిలో ఎన్నటికీ పూర్తి కాదు.

థైమస్ పాత్ర ఎంతటిదో ఫర్త్ బృందం 1944లోనే చూపింది. లేత వయసులో థైమస్ తీసేస్తే ఈ వంశపు ఎలుకల్లో చాలావాటికి లుకేమియా రాదు. వైరస్ ఉంటుంది, జబ్బు మాత్రం ఉండదు.

మా జంతుశాలలో పొద్దున్నే ట్రేలు లాగి చూసేటప్పుడు, జబ్బు మొదలైన ఎలుకను దాని ఊపిరిని బట్టే గుర్తుపట్టేవాళ్లం. ఒక మూల వీపు ఉబ్బించుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చుంటుంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది. మామూలు ఎలుకలో థైమస్ గుండె మీద రెండు పల్చని తెల్లటి రేకుల్లా ఉంటుంది, వెతికితే గానీ కనిపించదు. జబ్బు పడినదాన్ని కోస్తే ఛాతీలో ముందు అదే కనిపించేది. గట్టిపడి, పాలిపోయి, గుండెను వెనక్కి నెట్టి, ఊపిరితిత్తులను రెండు పక్కలకూ ఒత్తేసి ఉండేది. అదే ఈతలో పుట్టి, అదే పంజరంలో పెరిగి, అవే ఎకేవీ ప్రతులు మోస్తున్న తోబుట్టువు పక్కనే గింజలు తింటూ ఉండేది. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన దృశ్యం అదే.

ప్రశ్న: ఏకేఆర్ ఎలుకలకు వచ్చేది లింఫోమా. మీరు లుకేమియా అన్నారు. ఏది సరి?
— పాథాలజీ పీజీ విద్యార్థి

మీరన్నదే సరి. లింఫోమా అంటే లింఫు కణాల్లో గడ్డగా మొదలయ్యే క్యాన్సర్. ఈ జబ్బు థైమస్‌లో గడ్డగా మొదలవుతుంది కాబట్టి టీ కణాల లింఫోమా అనాలి. తర్వాత ప్లీహానికి, కాలేయానికి, లింఫు గ్రంథులకు, రక్తంలోకి వ్యాపిస్తుంది. పాతవాళ్లు అంతటినీ లుకేమియా అన్నారు, వైరస్‌లకూ ఆ పేరే స్థిరపడింది. నాకూ అదే అలవాటైంది.

ప్రశ్న: మా పెద్దబాబుకు ఆరేళ్లు. లుకేమియాకు చికిత్స జరుగుతోంది. మీరు రాసింది చదివినప్పటి నుంచి నిద్ర లేదు. మా రక్తంలోనే ఏదో ఉండి వాడికి వచ్చిందా? చిన్నదానికీ వస్తుందా? మేమిద్దరం కలిసి పిల్లలకు ఇచ్చామా?
— ఒక తల్లి

అమ్మా, మీ నిద్ర పోవడానికి నా వాక్యం కారణమైనందుకు నన్ను మన్నించండి.

మీరు మీ బాబుకు లుకేమియా వైరస్‌ను ఇవ్వలేదు. మనుషుల జన్యు సామగ్రిలోనూ సుమారు 8 శాతం ప్రాచీన రెట్రోవైరస్‌ల అవశేషాలున్న మాట నిజం. మీలో, నాలో, ప్రతి ఒక్కరిలో ఉన్నాయి. ఏకేఆర్ ఎలుకలో ఎకేవీ చేసినట్టుగా మేలుకుని, ఒళ్లంతా తిరిగే వైరస్‌ను తయారు చేసే ప్రతులు మనిషిలో ఒక్కటీ దొరకలేదు. పిల్లల లుకేమియాకు అవి కారణమని తేలనూ లేదు. మనిషిలో లుకేమియా తెచ్చే రెట్రోవైరస్ ఒకటి 1980లో బయటపడింది. దాని పేరు హెచ్‌టీఎల్‌వీ-1. అది తల్లిపాలు, రక్తం, లైంగిక సంబంధం ద్వారా సోకేదే తప్ప వారసత్వపు డీఎన్‌ఏలో వచ్చేది కాదు. అది సోకినవారిలో కూడా కొద్దిమందికే, అదీ ఎక్కువగా పెద్ద వయసులో జబ్బు వస్తుంది. చిన్నపిల్లల్లో సాధారణంగా కనిపించే లుకేమియా వేరు.

పసిపిల్లల లుకేమియాలో ఎక్కువ భాగం, బిడ్డ కడుపున పడ్డాక వాడి సొంత రక్తకణం ఒకదానిలో జరిగిన మార్పుతో మొదలవుతుంది. ఆ మార్పు తల్లిలోనో తండ్రిలోనో ఉండదు. తోబుట్టువుకు వచ్చే అవకాశం ఇతర పిల్లలకంటే ఒక పిసరు ఎక్కువైనా, మొత్తం మీద అది చాలా తక్కువే. ఒకే పోలికతో పుట్టిన కవలల సంగతి వేరు. ఒకే మాయను పంచుకున్నప్పుడు ఒకరి కణాలు మరొకరికి చేరవచ్చు. మీ పాప కవల కాదు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో క్యాన్సర్‌కు దారితీసే జన్యు లోపాలు ఉంటాయి. మీ ఇంట్లో చిన్న వయసులో క్యాన్సర్ వచ్చినవాళ్లు ఇంకా ఉంటే ఆ మాట బాబును చూస్తున్న డాక్టరుకు చెప్పండి, ఏ పరీక్ష అవసరమో వారే చూస్తారు. లేకపోతే పాప గురించి ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు.

ఆ ఎలుకల విషయం ఇంకొకటి మీకు చెప్పాలి. జబ్బు వచ్చే వంశం కావాలని, తోబుట్టువులనే జత కలుపుతూ తరాల కొద్దీ ఏరి ఏరి మనుషులు తయారు చేసినవి అవి. ఏ కుటుంబమూ అలా తయారు కాదు. బాబు ఎలా ఉన్నాడో మళ్లీ రాయండి. ఆ ఉత్తరం ఇక్కడ అచ్చు వేయను, నేనే చదువుకుంటాను.

ప్రశ్న: మేం వాడేవి సీ57 నల్ల ఎలుకలు. వాటిలో ఈ గొడవ లేనట్టేనా?
— పరిశోధక విద్యార్థి

లేనట్టే, ఒక షరతు మీద. మీ నల్ల ఎలుకలో ఎకేవీకి దగ్గరి చుట్టం ఒకటే ఉంది. అది కూడా ఒక జన్యువు చెడిపోయి, సొంతంగా వైరస్‌ను తయారు చేయలేని స్థితిలో ఉంది. పైగా ఈ ఎలుకలో ఎఫ్‌వీ1 అనే జన్యువు ఏకేఆర్ వైరస్‌ను కణంలోకి వచ్చాక అడ్డగిస్తుంది. ఆ జన్యువు ఏమిటని 1996లో చదివి చూస్తే, అది కూడా ఒక ప్రాచీన రెట్రోవైరస్ ముక్కేనని తేలింది. ఎప్పుడో చొరబడినది ఇప్పుడు కాపలా కాస్తోంది.

షరతు ఏమిటంటే, మీ ఎలుకల్లో రోగనిరోధక శక్తి ఉండాలి. ప్రతిరోధకాలు తయారు కాని నల్ల ఎలుకల్లో ఆ చెడిపోయిన ప్రతి, ఇతర అవశేషాలతో కలిసి బాగుపడి, వైరస్‌గా మారి, లింఫోమా తెచ్చిందని 2012లో లండన్ శాస్త్రవేత్తలు చూపించారు. మీరు నిరోధక జన్యువులు తొలగించిన ఎలుకలు వాడుతుంటే, ఏ లింఫోమా కనిపించినా అది తొలగించిన జన్యువు వల్లే అని రాసేముందు వైరస్ పరీక్ష చేయించండి.

మనిషి కణితులను ఎలుకల్లో పెంచేవారికైతే ఇంకో హెచ్చరిక. ఎక్స్‌ఎమ్‌ఆర్‌వీ అనే వైరస్ మనుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, తర్వాత తీరని నీరసపు జబ్బుకు కారణమని కొన్నేళ్లు ప్రచారమైంది. ఒక ప్రోస్టేట్ కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు, ఎలుక వారసత్వపు వైరస్‌లు రెండు కలిసి అది పుట్టిందని 2011లో తేలింది. ఎంతోమంది రోగులు ఈలోపు ఆశ పెట్టుకుని, మందులు కూడా వాడారు. ఎలుక జన్యు సామగ్రిని తేలిగ్గా తీసుకుంటే నష్టపోయేది ల్యాబు బయట ఉన్నవాళ్లు.

ప్రశ్న: ఇలా వారసత్వంగా వచ్చిన వైరస్‌ను కంటితో చూడగలమా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి

చూడగలవు బాబూ, మైక్రోస్కోపు కూడా అక్కరలేదు. డీబీఏ అనే ఎలుకలున్నాయి. 1909లో మొదలైన ఈ వంశం, ల్యాబుల కోసం తోబుట్టువుల జతలతో తయారు చేసినవాటిలో అన్నిటికంటే పాతది. పేరులోని డీ అక్షరం రంగు పలచబడడాన్ని సూచిస్తుంది. వాటి బొచ్చు నీళ్లు కలిపిన గోధుమ రంగులో, కొంచెం బూడిద ఛాయతో ఉంటుంది. బొచ్చుకు రంగు గింజలను చేరవేసే జన్యువులో ఎకేవీ జాతి వైరస్ ఒకటి ఎప్పుడో వచ్చి అతుక్కుని, ఆ జన్యువు పనిని చెడగొట్టింది. ఆ సంగతి 1981లో గానీ తెలియలేదు. అంటే లుకేమియా ఎలుకల్లో వైరస్ ఉందా లేదా అని వాదన జరిగినంత కాలం, ఈ ఎలుకలు ఆ వైరస్‌ను ఒంటి మీద రంగుగా మోస్తూ పక్క పంజరంలోనే ఉన్నాయి.

చాలా అరుదుగా, వైరస్ డీఎన్‌ఏ మధ్య భాగం ఊడిపోయి, కొస ముక్క ఒక్కటే మిగులుతుంది. అప్పుడు జన్యువు మళ్లీ పనిచేస్తుంది. ఆ పిల్లకు ముదురు రంగు బొచ్చు తిరిగి వస్తుంది. అలాంటి పిల్లలు పుట్టినట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మా దగ్గరా డీబీఏ ఎలుకలుండేవి. పుట్టిన వారానికి బొచ్చు మొలిచే వేళ, ప్రతి ఈతనూ అరచేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురులో ఒక్కొక్క పిల్లనూ తిప్పి చూసేదాన్ని. 22 ఏళ్లలో నాకు ఒక్కటీ కనిపించలేదు.